పని చెయ్యని అక్షరాలకు ఒక దండం

పని చేసేటోళ్లతోనే ఈ దేశానికి ఇన్ని తిప్పలు. ఏ పనీ చెయ్యకుండ పక్కన కుర్చేసుకోని "ఆగు, ఇప్పుడే గాదు" అనేటోళ్లు లేకపోతే మనమంత ఎప్పుడో ఆగమైపోయేటోళ్లం!

నవ్వకుండ్రి. నేను ఉత్తగ అంటలేను. దీని ఎనుక సైన్సు ఉన్నది. జగిత్యాల పోయి, చెవులార విని వచ్చిన.

ఇన్ని రోజులు నేను గూడ మీలెక్కనే గుణుక్కునేటోణ్ని. బోరు ఏసేకాడ చూసిండ్రా? పైపులు మోసేటోళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటరు. చేతులు ఎనుకకు కట్టుకోని "ఇంక దించు", "ఆపు ఆపు", "రాయి తగిలినట్టుంది" అనేటోళ్లు ఊరంత ఉంటరు. పెండ్లిల వంటకాడ చూసిండ్రా? భుజం మీద టవలేసుకోని కుర్చీల కూసున్న పెద్దమనిషి ఒక్క ఉల్లిగడ్డ కోయడు. కాని ఆయన "ఊఁ, ఇగ ఎయ్" అనేదాకా బగార అన్నం గంజుల బియ్యం పడయి. వేములవాడ బస్టాండుల ఒకాయన ఉంటడు. డ్రైవర్ గాదు, కండక్టర్ గాదు, ఏ బస్సూ ఎక్కడు. బస్సు రివర్స్ వచ్చేటప్పుడు మాత్రం బాడీ మీద చెయ్యితోని చరుసుకుంట "రానీ... రానీ... రానీ... ఆపూ!" అంటడు.

వీళ్లందరినీ మనసుల తిట్టుకున్న. ఇప్పుడు చెంపలేసుకుంటున్న.

ఏమైందంటే, పోయిన యాసంగి పంటకు ముంగట జగిత్యాలల రైతులకు ఒక మీటింగు పెట్టిండ్రు. భోజనం గూడ ఉన్నదంటే మా ఊరోళ్లం ఆటోల ఎక్కినం. ప్రియదర్శిని మేడం అని, వరి మీద పరిశోధన చేసే సైంటిస్టు, మైకు పట్టుకున్నది. మా దిక్కు మనిషే. ఎరువుల గురించి చెప్తదనుకున్నం. వరి లోపలి రాత గురించి చెప్పింది.

"ప్రతి మొక్కల పొడుగాటి రాత ఒకటి ఉంటది" అన్నది. "నాలుగే అక్షరాలు, అవ్వే మళ్ల మళ్ల. దాన్నే డీఎన్ఏ అంటం. ఆ రాతల కొన్ని ముక్కలు జన్యువులు. వాటిని చూసే మొక్క తనకు కావలసిన ప్రొటీన్లు తయారు చేసుకుంటది. ఆకు గాని, పువ్వు గాని, వాటి కష్టమే. కాని మొత్తం రాతల అసోంటి ముక్కలు తక్కువ. మిగిలినదాంతోని ఏ ప్రొటీనూ తయారు గాదు."

ఎనుక వరుసల నుంచి మా ఊరి పోచయ్య లేచిండు. "అంటె మేడం, పని చేసేది కొంచెం, కూసోని తినేది మస్తు అన్నట్టు. మా ఇంట్ల గూడ గంతే."

పక్కనే ఉన్న ఆయన భార్య రాజక్క ఊకుంటదా? "కూసోని తినేది ఎవలో గూడ మేడానికి చెప్పరాదు!" అన్నది.

హాలంత నవ్వింది. మేడం గూడ నవ్వింది గాని మాట విడువలే.

"మేం గూడ మొదట్ల దాన్ని చెత్తనే అనుకున్నం పెద్దనాయనా. తర్వాత వరి రాత, మక్క రాత, జొన్న రాత పక్కపక్కన పెట్టి చూసినం. గీ మూడింటికి కోట్ల ఏండ్ల కింద ఒక్కటే తాత. అప్పటినుంచి ఎవల దారి వాళ్లది. రాతంత మారిపోయింది. కాని ఏ ప్రొటీనూ చెయ్యని ఆ జాగల కొన్ని చిన్న చిన్న ముక్కలు మూడింట్ల ఒక్కతీరుగ ఉన్నయ్. ఒక్క అక్షరం పక్కకు జరగలే! ఎందుకు ఉన్నయంటరు?"

మాకు పంట రేటు అడుగుడు తెలుసు గాని ఇసోంటి ప్రశ్న ఎవలు అడిగిండ్రు?

మేడమే చెప్పింది. ఆ ముక్కలు ఏ పనీ చెయ్యయి. పని చేసే జన్యువుకు ఎప్పుడు లేవాలె, ఎప్పుడు పండుకోవాలె, ఏ జాగల పని చెయ్యాలె, అదొక్కటే చెప్తయ్. పువ్వు జన్యువుకు పువ్వు చేసుడు వచ్చు. ఎప్పుడు చెయ్యాలెనో తెల్వదు. మొక్క, చలి పోయిందా, పొద్దు సాగిందా, కాండం గట్టిపడ్డదా అని చూసి, అప్పటిదాకా "ఆగు" అని, సమయం రాంగనే "ఇగ కానీ" అనేది ఈ ముక్కల ద్వారానే. అవి జన్యువు పక్కనే ఉండాలనే పట్టింపు గూడ లేదట. మస్తు దూరంల ఉంటయట. రాత మడత పడి, ఆ దూరపు ముక్క వచ్చి జన్యువును తాకుతదట.

దూరంల కూసోని, ఏ పనీ చెయ్యకుండ, ఎప్పుడేం చెయ్యాలెనో చెప్పుడు! ఇది మా ప్రభాకర్ రావు గారే గదా?

ప్రభాకర్ రావు గారంటే మా ఊరి పాత దొరల కుటుంబం. ఇప్పుడు కోరుట్లల ఉంటరు. ఊరి భూమిల కొంత పోచయ్య, రాజక్కలకు మొన్న యాసంగికే మొదటిసారి కౌలుకిచ్చిండ్రు. ఆయన మట్టిల కాలు పెట్టి ఎన్నేండ్లయిందో ఆయనకే తెల్వదు. ఉయ్యాల బల్ల మీద కూసోని వీడియో కాల్‌ల పొలం చూస్తరు. "రాజక్కా, ఫోన్ జర కిందికి వంచు, కలుపు కనబడ్తలేదు. ఆఁ, ఇప్పుడు నీ చెప్పు కనబడ్తుంది." ఇగో, గట్ల. రాత మడత పడుడంటే వీడియో కాలే!

మేడం మాట ఇంక నమ్మకం కుదరకపోతే సిరిసిల్ల పోండ్రి. నేను పోయిన.

అక్కడ రాజలింగం అని నాకు పాత దోస్తు. సాంచాలు నడుపుతడు. సాంచె అంటే బట్ట నేసే మరమగ్గం. చీరె అంచుకు పువ్వులు పడే సాంచెకు పైన చెక్కపట్టీల దండ ఒకటి తిరుగుతది. ఆ పట్టీలకు చిన్న చిన్న కీలలు. ఆ కీల నూలు వడకదు, బట్ట నెయ్యదు. ఏ పోగు ఎప్పుడు లేవాలెనో చెప్తది. అంతే.

దసరాకు సాంచెకు పూజ చేస్తరు గదా? అందరు నూనె మరకలు తుడిసి, పసుపు కుంకుమ పెడ్తరు. మా రాజలింగానికి భక్తి జర ఎక్కువ. పట్టీలన్నీ దించి, కీలలు పీకి, సబ్బుతోని కడిగి, ఎండకు ఆరబెట్టిండు. సాయంత్రం మళ్ల గుచ్చిండు. తనకు గుర్తున్నట్టు గుచ్చిండు!

తెల్లారి సాంచె నడిస్తే ఏమైంది? అదే నూలు, అదే రంగు, అదే మోటరు. పువ్వులు గూడ అవ్వే. కాని అంచుకు పడాల్సిన పువ్వులు పోయి నడుమల పడ్డయ్. అంచు బోడిగ, బొడ్డుకాడ తోట!

"ఏందే రాజలింగం గిది?" అంటే "కొత్త డిజైన్ బావా. పైనుంచి వచ్చింది" అన్నడు. నిజమే గదా, పైనుంచే వచ్చింది.

మేడం చెప్పింది గూడ ఇదే. మొక్కల ఆ చిన్న ముక్కను చెడగొడితే జన్యువు చెడిపోదట. పని ఆగదట. అదే ప్రొటీను తయారైతదట. కాని కావాల్సిన జాగల గాదు, కావాల్సిన వేళకు గాదు. పువ్వు రావాల్సిన చోట ఆకు రావచ్చట. పని చేసేటోడు ఎప్పటిలెక్కనే ఉంటడు, చెప్పేటోడు పోతడు. బొడ్డుకాడ తోట మొలుస్తది!

ఇది విన్నంక నా కండ్లు తెరుసుకున్నయ్. ఇంటికొచ్చి లోకాన్ని కొత్తగ చూసుడు మొదలుపెట్టిన. ఎక్కడ చూసినా "ఆగు" అనేటోళ్లే! ఎంత భాగ్యం! ఫోన్ చేస్తే "దయచేసి లైన్‌లో ఉండండి". బ్యాంకుల సర్వర్ డౌన్. దవాఖానల టోకెన్. మీసేవల "రేపు రాండ్రి". పట్టా పాసుబుక్కుల ఒక్క అక్షరం తప్పుపడితే అది సరిచెయ్యడానికి కుర్చీ కుర్చీకి ఒక "ఆగు". వరి మొక్కకు గూడ ఇన్ని ఉండయేమో! ఒక్క మడిల పండే గింజకే అంత జాగ్రత్త ఉంటే, ఇంత పెద్ద దేశానికి ఎంత జాగ్రత్త కావాలె?

ఈ జాగ్రత్త ఎంత గొప్పదో మా రాజక్క కౌలు మడిల కండ్లార చూసిన.

రాజక్క పుట్టినప్పటినుంచి మంది పొలాలల్లనే నాటేసింది. ఆమె చెయ్యి తగలని మడి మా ఊర్ల లేదు. తన ఇంటికి మాత్రం బియ్యం దుకాణం నుంచే. అసోంటి మనిషికి మొదటిసారి కౌలు పొలం చేతికొచ్చింది. మూలకు పడ్డ, వడ్లు పోసుకునే వెదురు గుమ్మిని బయటికి తీసి, పేడతోని అలికి, ఆరబెట్టింది. నాటు గూడ పడకముందే!

"గింత తొందరెందుకే?" అని పోచయ్య అంటే, "అది ఖాళీగ ఉండుడు నేను చూసిన. నిండుగ ఉంటే ఎట్లుంటదో చూడలే" అన్నది.

నారు సిద్ధమైంది. కోరుట్ల నుంచి వీడియో కాల్ వచ్చింది. "రాజక్కా, ఆగు. మా పంచాంగం ప్రకారం ఇంకో వారం పోనీ." ఆగింది. వారం పోయినంక మళ్ల కాల్. "చలి ఎక్కువున్నది, జర ఆగు." మళ్ల ఆగింది. అందరి నాట్లు అయినంక ఆమె నాటు పడ్డది. అయితే ఏంది? వరి పచ్చగ లేచింది. పిలకలు మంచిగ ఏసింది. పొట్టకచ్చింది. అంటే గొలుక, అదే వరి కంకి, ఇంక కాండం లోపలనే ఉన్నది, మొక్క కడుపుతోని ఉన్నట్టు. ఇంక కొన్ని రోజులైతే కంకి బయటపడ్తది, ఈనుతది.

అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలింది.

మా దిక్కు ట్రాన్స్‌ఫార్మర్ కాలితే దాని కోసం ఎవ్వలు రారు. మేమే పోల్ మీదికెల్లి దింపి, ట్రాక్టర్‌ల గడ్డి పరిచి పడుకోబెట్టి, పెండ్లిపిల్లను తీసుకపోయినట్టు తీసుకపోవాలె. దాని కింద మోటర్లున్న మిగతా రైతుల వరి అప్పటికే గింజ పోసుకున్నది. వాళ్లకు తొందర లేదు. పోచయ్య, రాజక్క, నేను, ట్రాక్టర్ డ్రైవరు పోయినం. ఆ ఆఫీసు ఏ ఊర్ల ఉన్నదో చెప్ప. అసోంటిది మీ ఊర్ల గూడ ఉంటది.

ఆహా, ఏం ఆఫీసు! లోపలికి పోంగనే మేడం పాఠం కండ్ల ముంగట నడిచింది.

రిపేరు చేసేటాయన అన్నడు, "నూనె రాంది ఎట్ల చేస్త? ఆగుండ్రి."

నూనె ఇచ్చేటాయన అన్నడు, "ఇండెంటు కాయితం మీద సారు సంతకం లేంది నూనె ఎట్లిస్త? ఆగుండ్రి."

సారు అన్నడు, "ఆన్‌లైన్ల ఎక్కంది సంతకం ఎట్ల పెడ్త? ఆగుండ్రి."

ఆన్‌లైన్ల ఎక్కించేటామె అన్నది, "రిపేరు ఆయన ఇంత కాలిందని రాసియ్యంది ఎట్ల ఎక్కిస్త? ఆగుండ్రి."

రిపేరు ఆయన అన్నడు, "నూనె పోసి చూస్తేనే గదా ఎంత కాలిందో తెలిసేది?"

చూసిండ్రా? ఒక "ఆగు" ఇంకో "ఆగు" చెయ్యి పట్టుకోని, అది ఇంకోదాని చెయ్యి పట్టుకోని, బతుకమ్మ చుట్టూ తిరిగినట్టు గుండ్రంగ తిరుగుతున్నయ్. నడుమల మా ట్రాన్స్‌ఫార్మర్! పాట ఒక్కటే తక్కువ.

పోచయ్య చేతులు కట్టుకోని అడిగిండు. "సారు, మరి మొదలు ఎవలు కదలాలె?"

"పెద్దమనిషీ, సిస్టం అంటే గట్లనే ఉంటది. ఒక్కలు కదిలితే సిస్టం గాదు" అన్నడు సారు.

రాజక్క ముంగటికి వచ్చింది. "సారు, ఇంక రెండు తడులు పారితే చాలు. ఈనే టైము."

"ఆగమ్మా. అందరికీ చెప్పేదే నీకు చెప్తున్న. తొందరపడితే ఎట్ల?"

"తొందర నాది గాదు సారు, వరిది. దానికి గూడ చెప్పొచ్చిన, సారు వచ్చేదాకా జర ఆగే తల్లీ అని. ఇంటలేదు."

సారుకు కోపం రాలే. నవ్విండు. మంచి మనిషే. ఫ్యాన్ స్పీడు పెంచి, మాకు నీళ్లు తాగమని చెప్పిండు. కడుపుల ఉన్న మంట తగ్గుతదని కావచ్చు.

మరి వరి ఎందుకు ఆగలే?

ఎందుకాగుతది? దాని రాతల "ఇగ కానీ" అనే మాట వచ్చేసింది. కోట్ల ఏండ్ల కింద రాసుకున్న ఆర్డరు అది. దానికి ఇండెంటు తెల్వదు. ఆన్‌లైన్ తెల్వదు. ఎండిన మడిల, నెర్రెలు పడ్డ మట్టిల, మా రాజక్క వరి ఈనింది. పొద్దు జర ఎక్కంగనే పూత విచ్చుకున్నది. వరి పువ్వు మీరు చూసిండ్రో లేదో. తెల్లగ, నలుసంత ఉంటది. పొద్దుగాల విచ్చుకోని, పగటీలికి, మిట్టమధ్యాహ్నానికల్ల, ముడుసుకుంటది. ఆ జరసేపట్లనే గింజ కుదరాలె. మళ్ల ఆ పువ్వు తెరుసుకోదు. వరి దాని డ్యూటీ అది చేసింది. కింద తడి లేదు. పైన ఎండ.

ఆ రోజులల్ల పోచయ్య డీజిల్ ఇంజను కోసం ఊరూరు తిరిగిండు. ఉన్నవాళ్లకు గూడ అదే అవుసరం పడ్డది. రాజక్క బిందెలతోని ఒక మూలకు నీళ్లు పోసింది. మడికి బిందె ఎంత?

తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. రాలేదని నేను అబద్ధం చెప్ప. మంచిగ రంగేసి, పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టి ఎక్కించినం. సారు స్వయంగ వచ్చిండు. మోటరు నడిచింది. మడంత నీళ్లు. సారు ఒడ్డు మీద నిలబడి ఫోటో దిగిండు.

"పైరు మస్తున్నది గదా! ఎంత నిటారుగ నిలబడ్డదో చూడుండ్రి!" అన్నడు.

"గింజ ఉంటే వంగేది సారు" అన్నడు పోచయ్య.

అయినా నాకు సైన్సు మీద నమ్మకం పోలే. ఆ సాయంత్రమే ప్రియదర్శిని మేడానికి ఫోన్ చేసిన. జరిగిందంత చెప్పి, నా సందేహం అడిగిన. "మేడం, మీ పని చెయ్యని ముక్కలు గూడ ఆగుమనే అంటయ్, మా ఆఫీసు గూడ ఆగుమనే అన్నది. మరి తేడా ఎక్కడొచ్చింది?"

మేడం నన్నే ఎదురు ప్రశ్న అడిగింది.

"అన్నా, ఆ ముక్కలు ఇన్ని కోట్ల ఏండ్లు ఎందుకు మారలేదో తెలుసా?" అన్నది. "అప్పుడప్పుడు మారినయ్. మారి, ఆగాల్సినప్పుడు కానీ అన్నయ్, కానీ అనాల్సినప్పుడు ఆగుమన్నయ్. గట్ల తప్పు చెప్పిన మొక్కలకు గింజ కట్టలే. గింజ లేకపోతే ఇంకో తరం లేదు. మొక్కతోని పాటు తప్పు చెప్పిన ముక్క గూడ పోయింది. ఇయ్యాల మనకు కనబడేటివి సరైన టైముకు సరైన మాట చెప్పినయి మాత్రమే. మరి మీ ఆఫీసుల..."

ఆమె ఆగింది.

నా వాదన మాత్రం నేను విడువ. ఆగుమనేటోళ్లు కావాలె! ఖచ్చితంగ కావాలె! ఒక్క చిన్న సవరణ చేస్తే చాలు. "ఆగు" అన్న ప్రతి సారుకు ఆ మడిలనే ఒక మూల కేటాయించాలె. ఆయన ఇంటి బియ్యం ఆ మూల నుంచే పోవాలె. కోరుట్ల ఉయ్యాల బల్లకు గూడ ఒక మూల. తాలు అయితే తాలే వండుకోవాలె. అప్పుడు చూడుండ్రి మా ఆఫీసులు గూడ వరి రాతలెక్క కోట్ల ఏండ్లు చెక్కుచెదరకుండ ఉంటయో లేదో! ఇప్పుడేమైతున్నది? తప్పు చెప్పిన ముక్క ఫస్టు తారీఖుకు జీతం అందుకోని పచ్చగ ఉంటది. ఎండేది రాజక్క మడి.

మొన్న పొద్దుగాల నేను అటు పోయేసరికి రాజక్క ఆ వరిని బర్ల మేతకు కోస్తున్నది. కోత మిషన్ పెడితే దాని కిరాయి గూడ ఎల్లదు. గడ్డన్న దక్కుతదని కొడవలి పట్టింది. పోచయ్య మోపులు కడుతున్నడు.

అప్పుడే రాజక్క ఫోన్ మోగింది. చెయ్యి చీరెకు తుడుసుకోని ఎత్తింది. తెల్వక స్పీకర్ ఆన్ అయింది.

"నమస్కారం! మీ విద్యుత్ ఫిర్యాదు సకాలంలో పరిష్కరించబడినది. మా సేవ పట్ల మీరు సంతృప్తి చెందినట్లయితే ఒకటి నొక్కండి. చెందనట్లయితే మీ అభిప్రాయాన్ని బీప్ శబ్దం తర్వాత చెప్పండి."

"ఎవలు అన్నా, గీ పిల్ల?" అని నన్నడిగింది రాజక్క.

"పిల్ల గాదు, రికార్డింగు. మనం ఏమంటమో చెప్పుమంటున్నది."

రాజక్క కొడవలి ఒడ్డు మీద పెట్టింది. ఇంకా కొయ్యని వరిల నుంచి ఒక గొలుకను పట్టుకోని, ఫోన్ తీసుకపోయి దాని పక్కన పెట్టింది.

"నన్నెందుకు అడుగుతవ్ బిడ్డా? దీన్నడుగు" అన్నది.

బీప్ మోగింది. గాలి లేదు. గొలుక కదలలే. పోచయ్య మోపు కట్టుడు ఆపి చూస్తున్నడు.

"క్షమించండి" అన్నది ఫోన్ల పిల్ల. "మీ స్పందన మాకు వినబడలేదు. దయచేసి వేచి ఉండండి."